మామ చెవిన పడ్డ చప్పుడు

దసరా ముందురోజు రాత్రి ఎనిమిది దాటాక అల్లుడి బండి వీధి మలుపు తిరిగింది. కూతురూ మనవరాలూ బతుకమ్మ పండక్కని వారం ముందే బస్సులో దేవరకొండ వచ్చేశారు. అల్లుడికి సెలవు దొరికేసరికి ఇంత పొద్దయింది. హైదరాబాద్‌లో బయల్దేరి ఇబ్రహీంపట్నం, మాల్, చింతపల్లి, కొండమల్లేపల్లి మీదుగా నూట పది కిలోమీటర్ల దాకా మోటారు సైకిల్ మీదే వచ్చాడు. పండగ రద్దీ, పైగా చీకటి. మనిషి దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు.

ఇంటి ముందు ఆపుతుంటే ముందు చక్రం దగ్గర్నుంచి 'గర్‌ర్' మని చప్పుడు వచ్చింది. మనవరాలు పరుగెత్తుకెళ్లి తండ్రి కాళ్లు చుట్టేసింది. అత్త నీళ్ల చెంబుతో వాకిట్లోకి వచ్చింది. అరుగు మీద కూర్చున్న మామ మాత్రం అల్లుడి మొహం వంక చూడలేదు. చక్రం వంక చూశాడు.

"ఏందల్లుడూ, గా సప్పుడేంది?"

"ఏం లేదు మామా. వానలు పడ్డయి గదా, దుమ్ము పట్టినట్టుంది."

"దుమ్ముదైతే కీసుమంటది. ఇది ఇనుము ఇనుమును గీకుతున్న సప్పుడు."

అల్లుడు నవ్వి, చెంబు అందుకుని కాళ్లు కడుక్కున్నాడు. చింతపల్లి దాటాక దారిలో ఏం జరిగిందో మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నిజానికి ఆ ఇంట్లో చప్పుళ్ల గురించి మామతో వాదించి గెలిచినవాళ్లు లేరు. ముప్పై ఏళ్లకు పైగా దేవరకొండ ఆర్టీసీ డిపో గ్యారేజీలో పనిచేసి రిటైరైన మనిషి. నిజాం కాలంలో, 1932లో, రైల్వే శాఖ కింద 27 బస్సులతో మొదలైన రవాణా వ్యవస్థ అది. 1958లో ఏపీఎస్‌ఆర్టీసీ అయింది, రాష్ట్రం విడిపోయాక టీఎస్‌ఆర్టీసీ అయింది, ఇప్పుడు టీజీఎస్‌ఆర్టీసీ. పేరు ఎన్నిసార్లు మారినా మామకు తెలిసిన సంస్థ ఒక్కటే: చక్రం లోపలి డ్రమ్ము, ఆ డ్రమ్మును లోపల్నుంచి ఒరుసుకునే లైనరు. అరిగిన లైనరును షూ మీది నుంచి రివెట్లు కొట్టి ఊడదీయడం, కొత్తదాన్ని రివెట్లు వేసి బిగించడం. ఉద్యోగంలో సగానికి సగం ఆ పనే.

చివరి ట్రిప్పు ముగించుకుని బస్సులు డిపో గేటు దాటుతుంటే, డ్రైవరు పుస్తకంలో ఫిర్యాదు రాయకముందే ఏ చక్రం మొరాయిస్తోందో చెప్పేవాడని పాత స్నేహితులు ఇప్పటికీ అంటారు. అందులో కొంత అతిశయోక్తి ఉండొచ్చు. కొంతే.

రాత్రి అన్నాల దగ్గర అసలు సంగతి బయటపడింది. పండగ మర్నాడు భార్యాభర్తలిద్దరూ శ్రీశైలం వెళ్లాలని అనుకున్నారు. రెండేళ్ల కిందట అల్లుడి ఉద్యోగం ఊడింది. మళ్లీ దొరికితే మల్లన్న దర్శనానికి వస్తానని మొక్కుకున్నాడు. దొరికింది గానీ మొక్కు వాయిదా పడుతూ వచ్చింది. ఇప్పుడు పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలి, బండి మీద డిండి, మన్ననూరు మీదుగా వెళ్లి మర్నాటికి తిరిగి రావాలని. మన్ననూరు దగ్గర అటవీశాఖ గేటు రాత్రి తొమ్మిదికి మూస్తే మళ్లీ పొద్దున ఆరింటికే తెరుస్తారు. పులులు తిరిగే అడవి. గేటు దాటింది మొదలు నల్లమల మలుపులే.

"బస్సుల పొండి" అన్నాడు మామ.

"పోయిన నెలనే సర్వీసింగ్ చేయించిన మామా. బ్రేకులు ఇంకో వెయ్యి కిలోమీటర్లు నడుస్తయన్నరు."

"ఏ వెయ్యి? పట్నంల సిగ్నల్ సిగ్నల్‌కు ఆగే వెయ్యి ఒకటి. ఘాట్ల దిగే వెయ్యి ఒకటి."

కూతురు పప్పు వడ్డిస్తూ ఏమీ అనలేదు. అడవి దారిలో బండి మీద వెళ్లాలని ఆమెకు పెళ్లయిన కొత్త నుంచీ ఉంది. ఆ సంగతి తండ్రికీ తెలుసు. అందుకే మాట అక్కడితో ఆపేశాడు.

పండగ పొద్దున ఖిల్లా గుట్టల వెనక ఎండ పైకెక్కకముందే అల్లుడు బండి కడగడానికి వాకిట్లోకి తీశాడు. దసరాకు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ తొక్కించడం ప్రతి ఇంట్లో ఉన్నదే. మామ టార్చిలైటు తెచ్చి కూతురి చేతికిచ్చాడు. ఆయనకు శుక్లాల ఆపరేషన్ అయి మూడు వారాలే అయింది. నల్లద్దాలు తీయొద్దు, వంగొద్దు, కంట్లో దుమ్ము పడొద్దని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు.

"క్యాలిపర్ సందులకెళ్లి చూడు బిడ్డా. డిస్కు ప్లేటుకు అటొకటి ఇటొకటి ఉంటయి. మందం ఎంతుంది?"

ఆమె మోకాళ్ల మీద కూర్చుని లైటు కొట్టింది. కొత్త ప్యాడ్ మీద అరిగే పదార్థం నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మధ్యలో ఒక గాడి ఉంటుంది. ఆ గాడి కనిపించినంత కాలం పర్వాలేదు, గాడి చెరిగిపోతే మార్చాలి. ఇది తెలుసుకోవడానికి ఏ మెకానిక్కూ అక్కర్లేదు, టార్చిలైటు చాలు. ఎంతమంది చూస్తారన్నది వేరే సంగతి.

"బయటిది కొంచెం ఉంది నాయినా. లోపలిదానికి ఏం లేదు. రేకే కనపడుతుంది."

అల్లుడు వంగి చూశాడు. నిజమే. పదార్థం మొత్తం అరిగిపోయి, దాన్ని అతికించిన ఇనుప పలక నేరుగా డిస్కును తాకుతోంది. బయటి నుంచి చూస్తే బాగానే ఉన్నట్టు కనిపించడానికి కారణం అదే. రెండు ప్యాడ్లూ సమానంగా అరగలేదు. క్యాలిపర్ జరిగే పిన్నులు మట్టిపట్టి బిగుసుకుంటే ఒక ప్యాడ్ మీదే భారమంతా పడుతుంది.

పండగ నాడు మెకానిక్ ఎక్కడ దొరుకుతాడు? ఊళ్లో షెడ్లన్నీ మూసే ఉన్నాయి. మూసి ఉన్నాయనడం కూడా సరికాదు. తలుపులు తీసే ఉన్నాయి, మామిడాకుల తోరణాలున్నాయి, లోపల పానాలు, జాకీలు, గాలి పంపులు వరసగా పేర్చి బొట్లు పెట్టి ఉన్నాయి. కొబ్బరికాయ కొట్టాక ఆ రోజుకు వాటిని ముట్టరు. ఎంత తెలిసినవాళ్లయినా, "రేపు రా అన్నా" అని ప్రసాదం చేతిలో పెట్టి పంపిస్తారు. ఏడాదంతా నూనెలో నానే పనిముట్లకు దొరికే ఒక్క రోజు సెలవు. కాదనడానికి నోరు రాదు.

ప్యాడ్లయితే దొరికాయి. స్పేర్ పార్టుల దుకాణం యజమాని పూజ కోసం షట్టరు సగం ఎత్తాడు. మామను చూసి లోపలికి రమ్మన్నాడు. గల్లాపెట్టె మీద కుంకుమ ఇంకా తడిగానే ఉంది.

"కంపెనీదియ్యన్నా, బయటిదియ్యన్నా?"

"బయటిదెంత?" అన్నాడు అల్లుడు, అలవాటు కొద్దీ.

మామ అల్లుడి వైపు తిరగలేదు. "కంపెనీదే ఇయ్యి. మోడలు, సంవత్సరం సూసియ్యి" అన్నాడు. రెంటికీ తేడా ఒక పూట హోటలు భోజనం ఖర్చు కూడా లేదు. చవక ప్యాడ్‌లో కొన్ని రాయిలా గట్టిగా ఉండి డిస్కునే తినేస్తాయి. కొన్ని వేడెక్కగానే పట్టు వదిలేస్తాయి. ఈ రెండో రకం ఊళ్లో తిరిగినంత కాలం బయటపడదు. ఘాట్ రోడ్డులోనే బయటపడుతుంది.

ఇంటికొచ్చేసరికి ఇంకో చిక్కు. మామ పనిముట్ల పెట్టె దేవుడి గూటి ముందుంది. రిటైరయ్యాక కూడా ఏటా దసరాకు ఆ పెట్టె తెరిచి, ఒక్కో పానా తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూలు చల్లడం ఆయనకు అలవాటు. పొద్దున పూజ అయిపోయింది. అత్త గడపలో అడ్డంగా నిలబడింది.

"పండుగ పూట దేవుని దగ్గరియి ఎట్ల తీస్తరు? రేపు పొద్దున జేసుకోరాదు?"

"రేపు ఆరింటికి గేటు దగ్గరుండాలంటే నాలుగింటికే బయలెల్లాలి అత్తమ్మా" అన్నాడు అల్లుడు.

అత్త మామ వంక చూసింది. మామ ఏమీ చెప్పలేదు. కాసేపటికి ఆమే లోపలికెళ్లి ఇంకో రెండు అగరొత్తులు ముట్టించి, పెట్టెకు దండం పెట్టి, తనే ఎత్తుకొచ్చి వాకిట్లో పెట్టింది. "నా బిడ్డ కూసునే బండి. దేవుడేమనుకోడు. మీరే మళ్ల కడిగి పెట్టాలె" అంది. అంతే, శాస్త్రం మారిపోయింది. మన ఇళ్లలో శాస్త్రాలు మారేది ఎక్కువగా ఇలాగే.

మామ అరుగు మీదికి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పని ఆయన చేయలేడు, అల్లుడికి చేతకాదు. పట్నంలో కంప్యూటరు ముందు పనిచేసే అల్లుడు పెళ్లయిన ఏడేళ్లలో అత్తగారింట్లో చేసిన అతి పెద్ద మరమ్మతు వైఫై పెట్టడం. కూతురు మాత్రం చిన్నప్పుడు తండ్రి సైకిలు విప్పితే పక్కన కూర్చుని పానాలందించిన పిల్ల. పెట్టెలో ఏది ఎక్కడుందో ఆమెకు వెతక్కుండా తెలుసు.

"ముందు ప్యాడ్ల పిన్ను వదులు జెయ్యి, క్యాలిపర్ బిగిచ్చి ఉన్నప్పుడే. ఊడదీసినంక తిప్పబోతే చేతుల ఆడుతది, బలం రాదు."

అల్లుడు తిప్పాడు. రాలేదు. ఇంకాస్త బలం పెడితే పానా జారి వేలి కణుపు డిస్కుకు కొట్టుకుంది. మనవరాలు "అబ్బో" అంది. భార్య నవ్వు ఆపుకుంది.

"పానా నిండ కూసుందా సూసుకో. సగం కూసున్న పానా బోల్టును తింటది, చెయ్యిని తింటది."

రెండోసారికి వదులైంది. తర్వాత క్యాలిపర్‌ను ఫోర్కుకు పట్టి ఉంచే రెండు బోల్టులు. అవి ఊడగానే క్యాలిపర్ డిస్కు మీది నుంచి జారి చేతిలోకి వచ్చింది. గొట్టం మీద బరువు వేలాడకుండా కూతురు దాన్ని సుతిల్ తాడుతో హ్యాండిల్‌కు కట్టింది, ఎవరూ చెప్పకుండానే.

పాత ప్యాడ్లు బయటికొచ్చాయి. లోపలిది అద్దంలా మెరుస్తోంది. క్యాలిపర్ నిండా నల్లటి పొడి. అల్లుడు దాన్ని ఊదడానికి నోరు దగ్గరగా తెచ్చాడు.

"ఊదకు!"

మామ గొంతు అంత గట్టిగా వినిపించడం ఆ ఇంట్లో అరుదు. అల్లుడు ఉలిక్కిపడ్డాడు.

"తడిగుడ్డతోని తుడు. మేం గాలి పైపు పెట్టి ఊదేటోళ్లం. డ్రమ్ము ఇప్పినమంటే షెడ్డంత పొగ. ఎవ్వరికీ ఏం తెల్వకపోయె."

అప్పటి లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. వేడికి తట్టుకుంటుంది, చవక, గట్టిది. దాని నూగు ఊపిరితిత్తుల్లో చేరితే రోగం బయటపడటానికి దశాబ్దాలు పట్టొచ్చు. ప్రపంచంలో చాలా దేశాలు దాన్ని పూర్తిగా నిషేధించాయి. మన దగ్గర పూర్తి నిషేధం ఇప్పటికీ లేదు. ఇప్పుడు పేరున్న ప్యాడ్ల డబ్బాల మీద 'ఆస్బెస్టాస్ లేనిది' అని రాస్తున్నారు, కానీ అరిగిన పొడి ఏదైనా పీల్చదగింది మాత్రం కాదు. మామ తన తోటివాళ్ల దగ్గుల గురించి ఇంకేమీ చెప్పలేదు. కూతురు తడిగుడ్డ తెచ్చింది.

బ్రేకు పదార్థం అనే ఆలోచన ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఆ వాకిట్లో కూర్చున్న ఆడబిడ్డకు నచ్చేది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, మోటారు కారు తయారుచేసిన కార్ల్ బెంజ్ భార్య, పదిహేను, పదమూడేళ్ల ఇద్దరు కొడుకులను వెంటేసుకుని, భర్త నిద్ర లేవకముందే ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండి తీసుకుని బయల్దేరింది. ఎక్కడికంటారా? పుట్టింటికి. మన్‌హైమ్ నుంచి తల్లి ఉండే ఫోర్ట్స్‌హైమ్‌కు దాదాపు నూట ఆరు కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి దేవరకొండకు వచ్చినంత. అంత దూరం అంతకుముందు ఎవరూ కారులో వెళ్లలేదు. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో తీసింది. దిగుడు దారుల్లో కట్టె బ్రేకు అరిగిపోతే ఒక ఊళ్లో చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి, దాని మీద తోలు ముక్కలు కొట్టించింది. మొట్టమొదటి బ్రేక్ లైనింగ్ అదేనంటారు. సాయంత్రానికి తల్లి ఊరు చేరి భర్తకు టెలిగ్రామ్ ఇచ్చింది. పుట్టింటి ప్రయాణం ఆ బండికి పరీక్ష అయింది, ప్రకటన కూడా అయింది.

దేవరకొండ వాకిట్లో ఈలోపు అల్లుడు ఇంకో మెట్టు దగ్గర ఇరుక్కున్నాడు. కొత్త ప్యాడ్లు మందంగా ఉన్నాయి, క్యాలిపర్ సందులో పట్టడం లేదు.

"పిస్టన్ బయటికొచ్చి ఉంది గదా. ప్యాడ్ అరిగిన కొద్దీ అది ముందుకు జరుగుతది. దాన్ని ఎనక్కి నెట్టాలె. పాత ప్యాడ్ అడ్డం పెట్టి మెల్లగ నొక్కు. బిడ్డా, పైన ఆయిల్ డబ్బి సూడు, పొర్లుతదేమో."

పిస్టన్ వెనక్కి వెళ్తే దాని వెనకున్న ఆయిల్ పైకి ఎక్కుతుంది. ప్యాడ్లు అరిగినప్పుడు మట్టం తగ్గిందని ఎవరో తెలియక నింపి ఉంటే, ఇప్పుడు అది పొంగి ట్యాంకు మీద పడుతుంది. బ్రేక్ ఆయిల్ పడ్డచోట రంగు లేచిపోతుంది. ఆమె మూత తీసి, చుట్టూ గుడ్డ కట్టి చూస్తూ కూర్చుంది. ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరిన ఆయిల్ బాగా వేడెక్కితే లోపల ఆవిరి బుడగలు లేస్తాయి, బ్రేకు దిగబడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. దుకాణంలో ప్యాడ్లతో పాటు మామ ఒక చిన్న డబ్బా ఆయిల్ కూడా ఎందుకు కొన్నాడో అల్లుడికి అప్పుడర్థమైంది. అది కూడా మార్చారు. కూతురు పైన లివర్ నొక్కడం, అల్లుడు కింద స్క్రూ వదిలి బిగించడం. అరగంట పట్టింది. ఒకరు 'ఆ' అంటే ఇంకొకరు 'ఊ' అనాలి, క్రమం తప్పితే గాలి లోపలికి పోతుంది. ఏడేళ్ల కాపురంలో అంత పొందికగా మాట్లాడుకున్న అరగంట ఇంకోటి లేదని అత్త తర్వాత పక్కింటావిడతో అంది.

పిన్నులు తుడిచి, కొంచెం గ్రీజు రాసి, గ్రీజు చేతులు సబ్బుతో కడుక్కున్నాకే కొత్త ప్యాడ్లు ముట్టనిచ్చాడు మామ. ప్యాడ్ మీద నూనె చుక్క పడితే ఇక అది ప్యాడ్ కాదు. క్యాలిపర్ మళ్లీ డిస్కు మీదికి ఎక్కింది. బోల్టులు బిగిశాయి.

అప్పుడు మామ కుర్చీలోంచి లేచి, బండి వెనక్కి నడిచాడు. నల్లద్దాలు కొంచెం పైకెత్తి వెనక టైరు మీద చెయ్యి వేసి నిమిరాడు. ఒకచోట చెయ్యి ఆగింది.

"ఎక్కడ పట్టినవ్ అల్లుడూ?"

అల్లుడు పానా తుడుస్తూ ఆగిపోయాడు. టైరు మీద అరచేతి వెడల్పున గుళ్లు చెక్కేసినట్టు అయిన మచ్చ. తిరగకుండా బిగుసుకుపోయిన చక్రం తారు మీద ఈడ్చుకుపోతే పడే మచ్చ అది.

ఇక దాచి లాభం లేదు. చింతపల్లి దాటాక, మసక చీకట్లో, రోడ్డుకు అడ్డంగా మేకల మంద. ముందు బ్రేకు పట్టాడు. ఎప్పుడూ ఆగే దూరంలో బండి ఆగలేదు, గర్రుమంటూ పోతూనే ఉంది. భయంతో ఒళ్లంతా కాలి బ్రేకు మీద మోపాడు. వెనక చక్రం పక్కకు తిరిగింది. చివరి మేకకు జానెడు దూరంలో ఆగింది. మేకలు కాసే ముసలాయన ఒక్క మాట అనలేదు. కర్ర నేలకు ఆనించి అలాగే చూశాడు. తిట్టినా బాగుండేదని అల్లుడు చెప్పాడు.

ఎవరూ మాట్లాడలేదు. కూతురు చేతిలో గుడ్డ ఉంది. దాన్ని మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టింది. రాత్రి తెలిసి ఉంటే ఈ ప్రయాణం మాట తనే వద్దనేది. అందుకే కదా చెప్పలేదు!

"అయింది గదా" అన్నాడు మామ కాసేపటికి. "ఎక్కు, ఒక రౌండు కొట్టిరా."

మనవరాలు "నేను కూడా" అంటూ ట్యాంకు మీదికి ఎగబాకబోయింది. అల్లుడు కిక్ కొట్టాడు, ఇంజను అందుకుంది. మామ హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

"పిల్లను దింపు. ముందు బ్రేకు పట్టు."

అల్లుడు లివర్ నొక్కాడు. అది మెత్తగా, ఏ అడ్డూ లేకుండా, వెళ్లి వెళ్లి గ్రిప్పుకు ఆనుకుంది. బ్రేకు లేదు. రెండు గంటలు కష్టపడి, కొత్త ప్యాడ్లు వేసి, కొత్త ఆయిల్ పోసి బిగించిన బండికి బ్రేకు లేదు. అల్లుడి మొహం పాలిపోయింది. వీధి చివర పల్లం, ఆ పల్లం చివర బస్సులు తిరిగే రోడ్డు.

"నొక్కుతనే ఉండు" అన్నాడు మామ, చెయ్యి తీయకుండా.

మూడోసారికి కొంచెం గట్టిపడింది. ఐదోసారికి రాయిలా నిలబడింది. వెనక్కి నెట్టిన పిస్టన్ మళ్లీ ముందుకొచ్చి ప్యాడ్‌ను డిస్కుకు ఆనించే దాకా లివర్ ఖాళీగానే పోతుంది. పని అంతా సరిగ్గా చేసి, ఈ ఒక్కటీ మరిచి, గర్వంగా గేరు వేసుకుని గోడకు కొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇంట్లో ప్యాడ్లు మార్చుకునే ప్రతి ఒక్కరూ పెద్ద అక్షరాలతో రాసుకోవాల్సిన మాట ఇదొక్కటే: బండి కదిలించేముందు లివర్ గట్టిపడే దాకా నొక్కాలి.

"ముందే చెప్పొచ్చు గదా నాయినా" అంది కూతురు, కొంచెం కోపంగానే.

"చెప్తె ఇనేటోడు. సూసిండు గదా, ఇగ మర్వడు."

సాయంత్రం జమ్మికి వెళ్లేలోపు డిండి రోడ్డు మీద, ఖాళీగా ఉన్నచోట, అల్లుడు పది పదిహేనుసార్లు బండి వేగం పెంచి మెల్లగా తగ్గించాడు. కొత్త ప్యాడ్ డిస్కుతో ఒరుసుకుని కుదురుకోవడానికి కొంత దూరం కావాలి, మొదటి రోజే గట్టి బ్రేకు అడగకూడదు. ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామని మనలో చాలామందికి సైకిలు రోజుల నుంచీ ఉన్న భయం అల్లుడికీ ఉంది. అందుకే మేకల దగ్గర కాలునే నమ్ముకున్నాడు. బండి ఆగుతున్నప్పుడు బరువంతా ముందుకు తూగుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. పొడి రోడ్డు మీద ఆపే పనిలో మూడింట రెండు వంతుల దాకా ముందు చక్రానిదే. రెండూ కలిపి, ముందుది మెల్లగా బిగిస్తూ పట్టాలి. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే బళ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అల్లుడిది 2017లో కొన్నది. దానికి చేతి వేళ్లే ఏబీఎస్.

జమ్మి ఆకు ఇచ్చి కాళ్లకు దండం పెట్టినప్పుడు మామ అల్లుడి చెయ్యి పట్టుకుని కణుపు మీది గాయం చూశాడు. "పసుపు పెట్టుకో" అన్నాడు.

రాత్రి పడుకునేముందు కూతురు తండ్రి దగ్గరికొచ్చింది. "బస్సుల పొమ్మంటవా?" అని అడిగింది. మామ కాసేపు ఆలోచించాడు. "ఘాట్ల ఎక్కిన గేర్లనే దిగాలె. మా డ్రైవర్లకు గదే మొదటి పాఠం. దిగేటప్పుడు క్లచ్ పట్టి జారనియ్యొద్దు. బ్రేకు మీదనే కాలు పెట్టి కూసుంటే ఎంత కొత్తదైనా కాగుతది. నువ్వు ఎనక కూసుని సూస్తుండు" అన్నాడు. పొమ్మన్నట్టో వద్దన్నట్టో తెలియలేదు. ఆమె అలారం నాలుగింటికి కాక మూడున్నరకు పెట్టుకుంది.

పొద్దున ఇంకా చీకటిగానే ఉంది. మామ లుంగీ మీద శాలువా కప్పుకుని వాకిట్లోకి వచ్చాడు. అల్లుడు బండెక్కి, గేరు వేయకముందు, ఎవరూ చెప్పకుండానే లివర్ రెండుసార్లు నొక్కి చూసుకున్నాడు. కూతురు వెనక కూర్చుంది. ఇద్దరికీ హెల్మెట్లు. బండి కదిలి వీధి చివరికి చేరింది. మలుపు దగ్గర ఎర్రలైటు వెలిగింది. మామ తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. ఎక్కడో కుక్క మొరిగింది. ఇంకేమీ వినిపించలేదు.

లోపలికొచ్చి, పనిముట్ల పెట్టె ముందు కూర్చుని, ఒక్కో పానా కడిగి తుడవడం మొదలుపెట్టాడు. అత్తకు మాటిచ్చిన పని.

మధ్యాహ్నం ఫోనొచ్చింది. "మామా, దర్శనం మంచిగైంది. జనం బాగున్నరు" అన్నాడు అల్లుడు.

"గది సరే" అన్నాడు మామ. "ఈగలపెంట దాటినంక డ్యాం దిక్కు దిగుడు ఉంటది సూడు. ఏ గేర్ల దిగినవ్?"